తొమ్మిదో రోజు పేజీ

పూరబి ఆ ఉదయం కూడా అందరికంటే ముందు లేచింది. పూరీల్లాంటి లూచీలు ఒత్తింది, బంగాళాదుంపల కూర వండింది, మూడు పళ్ళేలు వరుసగా పెట్టింది. తనకోసం నాలుగోది పెట్టలేదు. నిన్న భోజనాల దగ్గర సగంలో లేచిపోయిన మనిషి, అప్పట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

తిట్టినా బాగుండేదనిపించింది శర్బరికి. గిన్నెలు విసిరేసినా బాగుండేది. మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఆడపడుచు కోపం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు.

నిన్న జరిగింది ఇంతే. శర్బరి పధ్నాలుగేళ్ళ కూతురు తితిర్, స్నేహితురాళ్ళతో కలిసి తండ్రి కట్టిన దుర్గాపూజ పందిరి చూసొచ్చింది. అన్నం కలుపుకుంటూ మేనత్తతో అంది. "పిషీ, నీ సంచీ అక్కడుంది. జిప్పు పోతే ఎర్రదారంతో కుట్టుకున్నావే, అదే. నీ నోటుబుక్కులో రాతలు కూడా గోడంతా పెద్దపెద్దగా వేశారు."

పూరబి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తమ్ముడి వంక చూసింది. తమోనాశ్ చేపముల్లు తీసుకుంటూ, చెప్దామనే అనుకున్నాననీ, పని ఒత్తిడిలో కుదరలేదనీ ఏదో గొణిగాడు. అక్క లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

ఇవాళ పంచమి. మధ్యాహ్నానికి పందిళ్ళ పోటీ న్యాయనిర్ణేతలు వస్తారు. తమోనాశ్ గదిలో అద్దం ముందు కుర్తా గుండీలు పెట్టుకుంటున్నాడు. శర్బరి టీ కప్పు బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"దిది ఇష్టపడే ఇచ్చిందన్నావుగా" అన్నాడతను అద్దంలోకే చూస్తూ.

"ఇష్టపడి ఇచ్చిందని నేననలేదు. తీసుకో, ఏమీ అనదులే అన్నాను."

"రెండింటికీ తేడా ఏముంది?"

తేడా ఏముందో ఇద్దరికీ తెలుసు. శ్రావణంలో ఆ తేడా గురించి ఆలోచించే ఓపిక ఇద్దరికీ లేదు. పందిరి కట్టించే నవారుణ సమితి వాళ్ళు అతని నమూనాలు రెండుసార్లు తిప్పికొట్టారు. మూడోది కూడా నచ్చకపోతే వేరే కళాకారుణ్ణి చూసుకుంటామని మర్యాదగానే చెప్పారు. కలకత్తాలో ఒక ఏడు పూజ చేజారిన కళాకారుణ్ణి మరుసటి ఏడు ఎవరూ పిలవరు. నాలుగు రోజులు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. అయిదో రోజు, పూరబి బజారుకెళ్ళినప్పుడు, శర్బరి ఆమె మంచం కింద ట్రంకు బయటికి లాగింది.

సంచీ ఒక్కటే తీద్దామనుకుంది. మూడేళ్ళ కిందట పూరబి భర్త సుధన్యకి జబ్బు చేసి, మంచం దొరక్క, పెద్దాసుపత్రి వరండాలో నేల మీద పరుపేసి పడుకోబెట్టారు. అతను పోయేదాకా పదకొండు రోజులు పూరబి అక్కడే ఉంది. ఆ సంచీతోనే ఉంది. అది చూస్తే మొగుడికి ఏదైనా ఊహ తడుతుందని ఆశపడింది శర్బరి. సంచీ అడుగున నోటుబుక్కు దొరికింది. అక్కడే నేల మీద కూర్చుని మొత్తం చదివింది. భర్త చేతికిచ్చేముందు ఆమె చేసిన పని ఇంకొకటుంది. అది అతనికి కూడా తెలియదు.

నోటుబుక్కు చదివి తమోనాశ్ లేచి కూర్చున్నాడు. వారం తిరగకుండా 'ప్రతీక్ష' అని పేరు పెట్టి నమూనా గీశాడు. మైదానమంతా ఒక ఆసుపత్రి. జనం లోపలికొచ్చి, లైన్లో నిలబడి, వరండాలో కూర్చుని, ఎదురుచూడ్డమంటే ఏమిటో తెలుసుకుని వెళ్ళాలి. సమితి వాళ్ళు నమూనా చూసి వెంటనే ఒప్పుకున్నారట.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు తమోనాశ్. "పీకేయమంటావా? ఇవాళ?"

శర్బరి జవాబు చెప్పేలోపు గుమ్మంలో పూరబి కనిపించింది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"తమో, నాకు చూపిస్తావా?"

అతను గబగబా అక్క దగ్గరికొచ్చాడు. ఇవాళ విపరీతమైన జనమనీ, తోపులాటలో ఆమె నలిగిపోతుందనీ, నవమి వెళ్ళాక పందిరి ఖాళీ అవుతుందనీ, అప్పుడు తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాననీ చెప్పాడు. పూరబి అంతా విని సరేనంది. తమ్ముడు మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఇస్త్రీ చేసిన నీలంరంగు నేతచీర కట్టుకొచ్చింది.

"నువ్వు తీసుకెళ్ళు" అంది శర్బరితో.

*

మైదానం గేటు దగ్గరే ఆసుపత్రి మొదలైంది. ఒక చక్రం ఊడిన తోపుడుమంచం, చీటీలిచ్చే కిటికీ, దాని ముందు ఇనుప కడ్డీల మధ్య లైను. మొన్న ఒక ముసలాయన ఇది నిజమనుకుని, మోకాళ్ళ డాక్టరు కోసం గంటసేపు ఆ లైన్లో నిలబడ్డాడని పేటంతా చెప్పుకుని నవ్వుతోంది. ఆ మాట విన్నప్పుడు శర్బరి కూడా నవ్వింది. ఇప్పుడు పూరబి ఆ లైన్లో నిలబడి, తన వంతు రాగానే కిటికీ వైపు చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకోవడం చూస్తే, నవ్వినందుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోపల వరండా. గోడకి నడుమెత్తు దాకా ముదురాకుపచ్చ రంగు, పైన వెలిసిన సున్నం. మైకులో ఎవరెవరి పేర్లో పిలుస్తున్నారు. ఫినాయిలు వాసన. బెంచీల మీద సమితి వాళ్ళు మాట్లాడి తెచ్చిన నాటకాల వాళ్ళు ముగ్గురు, రోగుల తాలూకు మనుషుల్లా తలలు వాల్చి కూర్చున్నారు.

పూరబి నెమ్మదిగా నడిచింది. "ఇన్ని బెంచీలు లేవు" అంది. ఇంకాస్త నడిచి, "కుళాయి ఇటు పక్కన కాదు, ఆ మూల" అంది. వాసన చూసి, ఫినాయిలు రోజూ వెయ్యరనీ, పెద్ద డాక్టరు వచ్చే రోజే వేస్తారనీ చెప్పింది. ఎవరిదో కొత్త ఇల్లు చూస్తూ మాట్లాడుతున్నట్టుంది ఆమె గొంతు. శర్బరి అన్నిటికీ తలూపింది.

వరండా చివర దుర్గ సింహం మీద లేదు. గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది. పది చేతుల్లోనూ ఎక్స్‌రే కవరు, ఫ్లాస్కు, మందుల చీటీ, విసనకర్ర, అలాంటివే అన్నీ. ఆమె పక్కన ఎర్రదారం జిప్పు సంచీ. దాని ముందు ఎవరో రెండు బంతిపూలూ ఒక అయిదు రూపాయల బిళ్ళా వేసి దణ్ణం పెట్టుకున్నారు.

పూరబి దేవికి చేతులు జోడించింది. సంచీ వైపు చూసి, జోడించిన చేతులు విడదీసింది.

నోటుబుక్కు పేజీలు ఎడంవైపు గోడ మీద ఉన్నాయి. నిలువెత్తు అక్షరాలు. అక్షరాలు పూరబివే. వొంకర్లతో సహా. మొదటి రోజు ఎన్నిగంటలకి చేర్చారో, ఎవరికి ఎంత బతిమాలితే పరుపు దొరికిందో. మూడో రోజు రక్తపరీక్ష. నాలుగో రోజు, పక్క రోగి భార్య ఇచ్చిన మరమరాలు. ఆరో రోజు సుధన్య కాస్త కోలుకుని చేపల పులుసు అడగడం. తరవాత తొమ్మిదో రోజు.

ఆ పేజీ ముందే జనం ఎక్కువ ఉన్నారు. కాలేజీ అమ్మాయి ఒకతె పక్కనున్న దానికి చదివి వినిపిస్తోంది.

"తెల్లవారుజామున నీళ్ళు అడిగారు. విన్నాను. నిద్రపోతున్నట్టు పడుకున్నాను. మళ్ళీ అడిగారు. కదల్లేదు. ఇంక చాలు అనిపించింది. ఎవరికి చాలో తెలీదు."

"అమ్మో" అంది రెండో అమ్మాయి. "ఆవిడకి ఆ తరవాత నిద్రెలా పట్టిందో."

మొదటి అమ్మాయి ఫోన్ పైకెత్తి, వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది. "కాకిమా, కొంచెం పక్కకి జరుగుతారా? ఆ పేజీ ఫోటో తీసుకుంటాను."

పూరబి పక్కకి జరిగింది.

*

ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చున్నారు. పూరబి అడిగింది.

"ట్రంకు ఎవరు తెరిచారు?"

"నేను."

"వాడనుకున్నాను." కొంగు వొళ్ళో సర్దుకుంది. "వాడైతే బాగుండేది. నా వస్తువులు అడక్కుండా తీసుకోవడం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటు. నాకూ అలవాటైపోయింది. పుస్తకమంతా చదివావా?"

"చదివాను దిదీ."

"గోడ మీద రెండో రోజు లేదు. అయిదోది లేదు. ఏడూ ఎనిమిదీ లేవు. వాడు తీసేశాడా?"

అవునంటే అయిపోయేది. ఆ మాట శర్బరి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మొగుడి మీదికి నెట్టేస్తే అక్కాతమ్ముళ్ళు వాళ్ళలో వాళ్ళు చూసుకుంటారు. తను ఎప్పటిలా నడుమ నిలబడి ఇద్దరికీ టీ అందించొచ్చు.

"లేదు. నేనే చింపాను. అతనికి తెలీదు."

"ఎందుకు?"

ఎందుకో పూరబికి తెలియక కాదు. ఆ నాలుగు పేజీల్లోనూ తమోనాశ్ ఉన్నాడు. రెండో రోజు, తమో వస్తానన్నాడని రాసుకుంది. వాడికోసం ఫ్లాస్కులో పోయించిన టీ సాయంత్రం పారబోశానని రాసుకుంది. అయిదో రోజు కూడా వస్తానన్నాడు. ఏడో రోజు ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో రోజు వచ్చాడు. పది నిమిషాలు నిలబడి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి వరండా బొమ్మ గీసుకుని, తన మొదటి పందిరి పనివాళ్ళు ఎదురుచూస్తున్నారని వెళ్ళిపోయాడు. అవి చదివితే మొగుడు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటాడని శర్బరి భయపడింది. అందుకే చింపి, తన బీరువాలో చీరల కింద పెట్టింది.

అదంతా ఇప్పుడు చెప్పబోయింది. రెండు ముక్కలు చెప్పేసరికి పూరబి చెయ్యెత్తి ఆపింది.

"అంటే, తమ్ముడు రాని రోజులన్నీ చింపావు. నేను నీళ్ళివ్వని రోజు ఉంచావు."

గొంతు పెంచలేదు. పక్క బెంచీ మీది నాటకం మనిషికి కూడా వినపడి ఉండదు. మరిచిపోయి ఉంచానని శర్బరి చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ రోజు ట్రంకు ముందు కూర్చుని తొమ్మిదో పేజీ చదివినప్పుడు, కళ్ళు తుడుచుకున్నాక తనకి మొదట తట్టిన ఆలోచన ఏమిటో బాగా గుర్తుంది. ఇది చూస్తే జనం ఏడుస్తారు. అదీ ఆలోచన. జనం ఏడ్చారు. తను లెక్కవేసినట్టే ఏడ్చారు.

"దిదీ, ఇంటికి వెళ్దాం" అంది.

పూరబి లేవలేదు.

అప్పుడే వరండా మొదట్లో కలకలం రేగింది. నాటకాల వాళ్ళు ఇంకాస్త తలలు వాల్చారు. సమితి కార్యదర్శి గోరాచాంద్ బాబు చేతులు నలుపుకుంటూ ముందు నడుస్తున్నాడు. వెనక ముగ్గురు న్యాయనిర్ణేతలు, వాళ్ళ పక్కన తమోనాశ్. కళాకారుడు స్వయంగా పదకొండు రోజులు ఈ బాధ పడ్డాడని గోరాచాంద్ బాబు వాళ్ళకి వివరిస్తున్నాడు. పోయిన వారం తమోనాశ్ టీవీలో చెప్పిన మాటే అది. దిదితో పాటు తనూ ఆ నేల మీదే కూర్చున్నానని చెప్పాడు. చెప్తూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇంట్లో అందరూ కలిసే చూశారు. పూరబి లేచి, పొయ్యి మీద అన్నం చూడ్డానికి వెళ్ళింది.

న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ, నెరిసిన జుట్టుకి పొట్టి జడ వేసుకున్నామె, పూరబి ముందు ఆగింది. కాసేపు పరీక్షగా చూసి తమోనాశ్ వైపు తిరిగింది.

"ఈవిడ చాలా సహజంగా ఉంది. ఏ నాటక సమాజం?"

తమోనాశ్ అక్కని అప్పుడే చూశాడు. నోరు తెరిచాడు. ఒక్క మాట చాలు. ఆ మాట ఎటు పోయిందో. గోరాచాంద్ బాబు చటుక్కున అందుకుని, బారాసాత్ సమాజం వాళ్ళేనండీ అన్నాడు. తమోనాశ్ తెరిచిన నోరు మూసుకున్నాడు.

అది శర్బరి చూసింది. పూరబి కూడా చూసింది.

పెద్దావిడ నవ్వుతూ వంగి, ఆటకి ఆటగా అడిగింది. "ఎన్ని రోజులైందమ్మా ఇక్కడ?"

"పదకొండు రోజులు" అంది పూరబి. "మూడేళ్ళ కిందట. నేను నాటకాల మనిషిని కాదండీ. ఆ గోడ మీది రాతలు నావి. ఇతను నా తమ్ముడు."

గోరాచాంద్ బాబు మొహాన నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. పెద్దావిడ మెల్లగా బెంచీ మీద కూర్చుంది. పూరబి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"క్షమించమ్మా. టీవీలో విన్నాను. తమ్ముడు కూడా నీతో పాటే ఉన్నాడట కదా ఆ పదకొండు రోజులూ."

మైకులో ఏదో పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచారు. తమోనాశ్ అక్క చెప్పుల వంక చూస్తున్నాడు.

"ఉన్నాడు" అంది పూరబి.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కాగితం మీద ఏదో రాసుకుంది. వాళ్ళు ముందుకి వెళ్ళారు. రెండు నిమిషాల్లో తమోనాశ్ ఒక్కడే వెనక్కి వచ్చాడు. చెంపలు ఎర్రబడి ఉన్నాయి.

"ఎందుకలా చెప్పావు దిదీ?"

"నన్ను నలుగురిలో నిలబెట్టింది చాల్లేదా? నిన్ను కూడా నిలబెట్టమంటావా?"

"నేను రాలేదా అసలు? ఒకరోజు వచ్చాను కదా."

"వచ్చావు. బొమ్మ గీసుకున్నావు. వెళ్ళావు." పూరబి లేచి నిలబడింది. "అవన్నీ కూడా రాశాను. ఎక్కడున్నాయో నీ భార్యని అడుగు."

*

ఆ సాయంత్రం వీధి చివర ఢాక్ డోళ్ళు మొదలయ్యాయి. పందిరి చివరి అయిదింటిలోకి వచ్చిందనీ, ఆఖరి పరిశీలన షష్ఠినాడనీ కబురొచ్చింది. గోరాచాంద్ బాబు ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పాడట. అక్కగారు వచ్చి కూర్చోవడం చాలా బాగా కుదిరిందనీ, ఇలాంటి ఏర్పాటు ముందే చెప్పి ఉంటే తనకీ తెలిసేదనీ. తమోనాశ్ ఆ మాట శర్బరికి చెప్పి, ఫోన్ మంచం మీద పడేశాడు.

శర్బరి బీరువా తీసింది. చీరల కింద నుంచి నాలుగు కాగితాలు తీసి అతని ముందు పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడతను కాగితాలు ముట్టుకోకుండా.

"చెప్తే ఆ పందిరి కట్టేవాడివా?"

"అది నేను తేల్చుకునేవాణ్ణి."

"ఏం తేల్చుకునేవాడివి? నువ్వు అక్కడ లేవని నీకు తెలీదా? అది తెలియడానికి దిది రాసింది చదవాలా?" ఆ మాటలు తన నోటివేనా అనిపించింది శర్బరికి. పదహారేళ్ళ కాపురంలో అతన్ని ఇలా నిలదీయడం ఇదే మొదలు. అందులో కూడా తన తప్పు దాచుకునే తొందరే ఎక్కువుందని అంటుండగానే తెలిసింది. అందుకే గొంతు తగ్గించింది. "నువ్వు అబద్ధం చెప్పడానికి వీలుగా నేనే చింపి ఇచ్చాను. నాకూ తెలుసు."

గుమ్మంలో తితిర్ నిలబడి ఉంది. పూజకి కుట్టించిన కొత్త బట్టలు చేతిలోనే ఉన్నాయి.

"నాన్నా, టీవీలో చెప్పింది అబద్ధమా?"

తమోనాశ్ కూతురి వైపు తిరగలేదు. తితిర్ కొత్త బట్టలు కుర్చీ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. అటువైపు పూరబి గది తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడైంది.

చాలాసేపటికి తమోనాశ్ పై కాగితం ఒకటి తీసుకున్నాడు. రెండో రోజుది. మడత విప్పాడు. మొదటి వరుస మీద కళ్ళు పడ్డాయో లేదో, మళ్ళీ మడిచేశాడు.

"నవమి అయ్యాక చదువుతాను" అన్నాడు.

శర్బరి కాగితాలు తీసుకుని పూరబి గదికి వెళ్ళింది. మంచం మీద తితిర్ మేనత్త వొళ్ళో తల పెట్టుకుని ఉంది. పూరబి దాని జుట్టు చిక్కు తీస్తోంది.

"దిదీ, ఇవి మీవి. ఏం చెయ్యమంటారు? గోడ మీద పెట్టించమంటారా? లేకపోతే తొమ్మిదో పేజీ తీయించమంటారా? మీరేమంటే అది."

శ్రావణంలో అడగాల్సిన మాట. ఆశ్వయుజంలో అడిగింది.

"నాకొద్దు" అంది పూరబి దువ్వెన ఆపకుండా. "ఏది చూపించాలో ఏది దాచాలో ఏరింది నువ్వు. నీ దగ్గరే ఉంచుకో."

"మరి ఆ పేజీ?"

"ఉండనీ. ఇంక దాన్ని తీసి ఏం లాభం? ఊరంతా చదివేసింది." పూరబి మొదటిసారి తలెత్తి శర్బరి కళ్ళల్లోకి చూసింది. "ఆ పిల్ల అడిగింది విన్నావుగా, ఆవిడకి నిద్రెలా పట్టిందో అని. రేపట్నుంచి నేను అక్కడ కూర్చుంటాను. అడిగినవాళ్ళకి నేనే చెప్తాను."

*

షష్ఠి ఉదయం పూరబి స్నానం చేసి, మరమరాలు ఒక డబ్బాలో పోసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. ఎక్కడికో ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేదు. తితిర్ కూడా ఆమె వెంట వెళ్ళింది, వేసుకున్న పాత బట్టలతోనే.

తమోనాశ్ కిటికీలోంచి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాడు. "వెళ్ళి తీసుకురా" అన్నాడు. "ఆఖరి పరిశీలన. ఎవరైనా ఏమైనా అడిగితే..."

"నువ్వు వెళ్ళు."

అతను మంచం అంచు మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. వెళ్ళడని శర్బరికి అర్థమైంది. అతన్ని అసహ్యించుకోవడానికి కూడా తనకి హక్కు లేదనిపించింది. కాగితాలు చేతిసంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంది.

పందిట్లో జనం నిన్నటికి రెట్టింపు ఉన్నారు. గోరాచాంద్ బాబు దూరం నుంచే చూసి, ఎంతో గౌరవంగా దారి ఇప్పించాడు. పూరబి అదే బెంచీ మీద ఉంది. తితిర్ ఒక పక్కన. రెండో పక్క ఖాళీగా ఉంది. శర్బరి అక్కడ కూర్చుంది. పూరబి జరగలేదు, పొమ్మనలేదు.

ఎదురుగా నేల మీద ఒక యువతి గొంతుక్కూర్చుని ఉంది. చేతులకి శంఖపు గాజులు, పెళ్ళయి ఎక్కువ రోజులు అయినట్టు లేదు. పూరబిని అడుగుతోంది.

"నిజంగా మీరేనా రాసింది?"

"నేనే."

"ఆ నీళ్ళది కూడా?"

"అదీ నేనే. రెండుసార్లు అడిగారు. మూడోసారి లేచి ఇచ్చాను. అది రాయలేదు. రాస్తే నన్ను నేను మెచ్చుకున్నట్టుంటుందని."

ఆ యువతి, తన తల్లి ఆరు నెలలు మంచంలో ఉందనీ, ఒకరోజు ఫోన్ మోగుతుంటే పక్కనే కూర్చుని కూడా ఎత్తలేదనీ, ఇంతవరకూ మొగుడికి కూడా చెప్పలేదనీ చెప్పింది. చెప్తూ చెప్తూ పూరబి మోకాలి మీద నుదురు ఆన్చింది. పూరబి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. తితిర్ లేచి వాటికి అడ్డంగా నిలబడింది.

కాసేపటికి ఆ యువతి మొహం తుడుచుకుంది. పూరబికి ఇంకో పక్కన కూర్చున్న మనిషిని అప్పుడే గమనించినట్టు, శర్బరి వైపు తిరిగింది. ఏడుపు తగ్గిన కళ్ళల్లో ఆప్యాయత.

"ఆ పదకొండు రోజులూ ఈవిడకి తోడున్నది మీరేనా?"

వరండా చివర గోరాచాంద్ బాబు గొంతు వినిపించింది. న్యాయనిర్ణేతలు లోపలికొస్తున్నారు. శర్బరి చేతిసంచి వొళ్ళో బిగపట్టుకుంది. పక్కన పూరబి కూడా ఆమె వైపు తిరిగింది. ఏం చెప్తుందోనని ఎదురుచూస్తోంది.